లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉండాలి



పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో కోయంబత్తూరు పాపనాయకన్‌పాళయం మొదలుకొని మదురై మాసి వీధుల దాకా మన తెలుగు ఇళ్లలో ఒకటే మాట నడుస్తుంది: ప్లస్ వన్‌లో ఏ గ్రూపు? మంచి మార్కులు వచ్చిన పిల్లకు సైన్సు గ్రూపు. ఆ సీటు దొరకనివాళ్లకు ఇంకోటి. అన్నిటికీ చివర, గొంతు కాస్త తగ్గించి, "కామర్స్‌లో వేశామండీ" అంటారు. ఆ గొంతు తగ్గవలసిన పని లేదని చెప్పడానికే ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

నేను చాలా ఏళ్లు హయ్యర్ సెకండరీ పిల్లలకు అకౌంటెన్సీ చెప్పాను. నా తరగతిలో ఒకే బల్ల మీద మిల్లు సూపర్‌వైజరు కూతురూ, లేతు పట్టరై, అంటే చిన్న వర్క్‌షాపు, పెట్టుకున్న ఆయన కొడుకూ, కార్పొరేషన్ వీధులు ఊడ్చే అమ్మ బిడ్డా కూర్చునేవారు. ముగ్గురి ఇళ్లలోనూ తెలుగే. పద్దుల పుస్తకం మాత్రం ఒక్కరి ఇంట్లోనే ఉండేది. తక్కిన ఇద్దరికీ జమ, ఖర్చు, నిలవ, బాకీ అన్న మాటలు మొదటిసారి కాగితం మీద కనబడింది మా తరగతిలోనే. వ్యాపారం, అకౌంట్లు, కంప్యూటరు కలిపి నేర్పే ఈ చదువు అందరికన్నా ముందు అందవలసింది ఆ ఇద్దరికే అని నా నమ్మకం. వ్యాపారం ఇంట్లో ఉన్నవాడు బడిలో నేర్చుకోకపోయినా గల్లాపెట్టె పక్కన కూర్చుని నేర్చుకుంటాడు. ఇంట్లో లేనివాడికి బడి ఒక్కటే దారి.

మనవాళ్లు ఇక్కడికి వచ్చిన కథ మీకు తెలిసిందే. 1529లో విశ్వనాథ నాయకుడు మదురై పాలనకు వచ్చాడు. ఆయనకు ముందూ తరవాతా దండుతో కొందరు వచ్చారు, దండు వెనక కొందరు, కరువు తరిమితే కొందరు. కమ్మవారు, బలిజలు, రాజులు, దేవాంగులు, కంబళత్తార్లు, అరుంధతీయులు, ఇలా ఎన్నో కులాలు. నల్లరేగడి కనబడిన చోట పత్తి వేశారు. ఆ కరిసల్ నేలకు వచ్చి దిగిన తెలుగువాళ్ల వలసను కి. రాజనారాయణన్ గారు తమిళంలో గోపల్ల గ్రామం నవలగా రాశారు. ఆయన ఇంటిభాషా తెలుగే.

కోయంబత్తూరులో ఆ పత్తే జిన్నింగుకీ, జిన్నింగు మిల్లుకీ దారి తీసింది. 1888లో స్టేన్స్ దొర పెట్టిన మిల్లు మొదటిది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు గారి లక్ష్మీ మిల్స్ వచ్చింది. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు దిగాక మిల్లులు వరసగా లేచాయి. మిల్లు లేచిందంటే దాని వెనక లెక్క ఉందన్నమాట: బేళ్లెన్ని వచ్చాయి, నూలెంత దిగింది, వ్యర్థం ఎంత, కూలి ఎంత. పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు 1926లో ఆస్తి పంచుకుంటూ దాన్ని నాలుగు వాటాలు కాకుండా ఐదు వాటాలు చేశారు. ఐదో వాటా ధర్మానికి. పీఎస్‌జీ సంస్థలన్నీ ఆ ఐదో వాటా మీదే నిలబడ్డాయి. నేను అకౌంటెన్సీలో భాగస్వామ్యం పాఠం, లాభాల పంపకం, ఎప్పుడు చెప్పినా ఈ ఐదు వాటాల సంగతితోనే మొదలుపెట్టేవాణ్ణి. పుస్తకంలో ఎ, బి, సి అనే పేరులేని భాగస్వాములు ఉంటారు. మన వీధి చివరనున్న బడి ఏ పద్దు నుంచి పుట్టిందో తెలిస్తే పిల్లవాడి చెవులు నిక్కబొడుచుకుంటాయి.

ఆ ధర్మానికి కాస్త ముందే, 1924లో, పీలమేడులో వాళ్లు పెట్టిన హైస్కూలు పేరు సర్వజన. ఆ పేరు ఇచ్చిన మాటను లెక్కల చదువు విషయంలో ఈ ఊళ్లో అన్ని బడులూ నిలబెట్టుకోవాలని నా కోరిక.

ఎందుకంటే మన తెలుగువాళ్లలో రెండో కొస కూడా ఉంది, దాన్ని మనం సభల్లో తక్కువగా తలుచుకుంటాం. కోయంబత్తూరులోనూ మదురైలోనూ తెల్లవారకముందే చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చే కార్మికుల్లో చాలామంది తెలుగు ఇంటిభాషగా ఉన్న అరుంధతీయులు. వాళ్లకోసం తమిళనాడు ప్రభుత్వం 2009లో ఎస్సీల కోటా 18 శాతంలో 3 శాతం విడిగా కేటాయించింది. ఆ విభజన చెల్లుతుందని 2024 ఆగస్టులో సుప్రీం కోర్టు కూడా చెప్పింది. సీటు వచ్చింది, మంచిదే. సీటులో కూర్చున్నాక ఏం చదువుతారన్నది మన ముందున్న ప్రశ్న.

లెక్క రాకపోతే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ విడమరిచి చెబుతాను. దీనిమీదే కొంచెం ఎక్కువసేపు ఉంటాను, పెన్నూ కాగితమూ దగ్గర ఉంటే తీసుకోండి.

తండల్ అప్పు మీలో తెలియనివారుండరు. సాయంత్రం పూట చేతిసంచీ వేసుకుని బండి మీద వచ్చి, చిన్న కార్డు మీద గీత గీసి వంద రూపాయలు పట్టుకెళ్లే పద్ధతి. పేరుకు పది వేలు అప్పు. చేతికి ఇచ్చేది ఎనిమిది వేల ఐదు వందలు. పదిహేను వందలు ముందే పట్టుకుంటారు. ఆ తరవాత రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "పది వేలకు పదిహేను వందలేనమ్మా, నూటికి పదిహేను" అంటాడు ఇచ్చేవాడు. వినడానికి బ్యాంకు వడ్డీ కంటే కాస్త ఎక్కువ, అంతేకదా అనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మొదటిది, చేతికి వచ్చింది పది వేలు కాదు, ఎనిమిది వేల ఐదు వందలు. రెండోది, ఆ డబ్బు వంద రోజులూ మన దగ్గర ఉండదు. మొదటి రోజు నుంచే తిరిగి వెళ్లిపోతుంది. యాభయ్యో రోజుకే ఐదు వేలు కట్టేసి ఉంటాం. అంటే సగటున మన చేతిలో ఉన్నది నాలుగు వేల చిల్లర మాత్రమే. దానిమీద వంద రోజులకు పదిహేను వందలు వడ్డీ. మూడోది, ఇది ఏడాది వడ్డీ కాదు, మూడు నెలల పది రోజుల వడ్డీ.

ఈ మూడింటినీ కలిపి ఖచ్చితంగా తేల్చడం చేత్తో కష్టం. కంప్యూటరులో ఒక్క వరస. మన పిల్లలు ప్లస్ వన్‌లో కంప్యూటర్ అప్లికేషన్స్ తీసుకుంటే అందులో స్ప్రెడ్‌షీట్ పాఠం ఉంది, కాల్క్ అంటారు. అందులో ఒక గడిలో సమానం గుర్తు వేసి, రేట్ అని కొట్టి, బ్రాకెట్‌లో మూడు అంకెలు ఇవ్వాలి: ఎన్ని వాయిదాలు (100), ఒక్కో వాయిదా ఎంత (మన చేతి నుంచి పోతుంది కాబట్టి మైనస్ 100), చేతికి ఎంత వచ్చింది (8500). ఎంటర్ నొక్కితే రోజుకు వడ్డీ వస్తుంది: 0.33 శాతం. చూడ్డానికి చిన్న అంకె. ముప్పైతో గుణిస్తే నెలకు నూటికి దాదాపు పది రూపాయలు. 365తో గుణిస్తే ఏడాదికి నూటికి 120కి పైగా. నగ తాకట్టు పెడితే బ్యాంకులో ఏడాదికి నూటికి పది అటూ ఇటూగా దొరికే అప్పు, ఇక్కడ నెలకు పది పడుతోంది.

ఈ లెక్కను నేను ఒకసారి తరగతిలో బోర్డు మీద వేస్తుంటే వెనక బల్ల మీది అమ్మాయి లేచి, "సార్, మా అవ్వ ఒకటి తీరకముందే ఇంకోటి తీసుకుంటుంది, పాత బాకీ అందులో పట్టుకుంటారు. అప్పుడెంత?" అంది. పరీక్షలో రాని ప్రశ్న అది. ఆ పీరియడంతా దానికే ఇచ్చాం. అరవయ్యో రోజున నాలుగు వేల బాకీ ఉంటే, కొత్త పది వేలలో పదిహేను వందలూ నాలుగు వేలూ పోగా చేతికి నాలుగు వేల ఐదు వందలు. వంద రోజుల వాయిదా మళ్లీ మొదలు. పాత నాలుగు వేలకు ముందే వడ్డీ పట్టుకున్నారు కదా, ఇప్పుడు దానికి మళ్లీ ఎందుకు పట్టుకున్నారు? తరగతి మొత్తం ఆ మాట దగ్గర ఆగింది. అకౌంటెన్సీ అంటే ఇదేనని ఆ రోజు వాళ్లకు నేను వేరే చెప్పనక్కర లేకపోయింది.

కందు వడ్డీ, మీటర్ వడ్డీ, తండల్ వంటివాటి మీద తమిళనాట 2003లోనే చట్టం వచ్చింది. ఈ పేర్లు కూడా అందులో ఉన్నాయి. అయితే చట్టం దగ్గరికి వెళ్లాలంటే తన అప్పు ఎంత వడ్డీ తింటోందో మనిషికి ముందు తెలియాలి. అది చెప్పగలిగింది ఇంట్లో పదహారేళ్ల పిల్ల.

రెండో కాగితం జీతం చీటీ. కాంట్రాక్టు మీద పని చేసే అమ్మకో నాయనకో నెలకు పన్నెండు వేలు మూల వేతనం అనుకుందాం. ప్రావిడెంట్ ఫండ్‌కు పన్నెండు శాతం, అంటే 1,440 రూపాయలు పట్టుకుంటారు. యజమాని కూడా అంతే వేయాలి. యజమాని వేసేదాంట్లో 8.33 శాతం, దగ్గర దగ్గర వెయ్యి, పింఛను పద్దుకు పోతుంది, తక్కిన 440 ఫండ్‌లో పడుతుంది. ఈఎస్‌ఐకి మనవైపు నుంచి ముప్పావు శాతం, తొంభై రూపాయలు. యజమాని 3.25 శాతం, అంటే 390. జీతం 21,000 దాటనివారికి ఈఎస్‌ఐ ఉంటుంది. ఇవన్నీ నోటికి రావాలని అనడం లేదు. యూఏఎన్ అని పన్నెండు అంకెల నంబరు ఒకటి ఉంటుంది, దానితో పాస్‌బుక్‌ను ఫోనులోనే తెరిచి చూడొచ్చు. చీటీలో పట్టుకున్న డబ్బు పాస్‌బుక్‌లో ప్రతి నెలా పడిందా? ఒక నెల పడి రెండు నెలలు పడలేదా? బ్యాంకు రికన్సిలియేషన్ అని ప్లస్ వన్‌లో ఒక పాఠం ఉంది. మన పుస్తకంలో ఉన్నదాన్ని బ్యాంకు పుస్తకంతో పోల్చి తేడా ఎక్కడుందో పట్టుకోవడం. పిల్లలకు చాలా విసుగు పుట్టించే పాఠం. అమ్మ జీతం చీటీనీ ఫండ్ పాస్‌బుక్‌నూ పక్కపక్కన పెట్టించి అదే పాఠం చెప్పండి, విసుగు ఎక్కడికి పోతుందో చూడండి. తేడా దొరికితే ఏ నెల, ఎంత అని రాసిన కాగితంతో అడగడం వేరు, ఉత్త నోటితో "మా డబ్బు కట్టలేదు" అనడం వేరు.

ఇప్పుడు బడిలో ఏముందో చూద్దాం. 1978లో ప్లస్ టూ వచ్చినప్పటి నుంచి కామర్స్ గ్రూపు ఉంది. కామర్స్, అకౌంటెన్సీ, ఎకనామిక్స్, నాలుగోదిగా బడిని బట్టి బిజినెస్ మ్యాథ్స్, కంప్యూటర్ అప్లికేషన్స్, స్టాటిస్టిక్స్ లాంటివి. వొకేషనల్ వైపు వెళ్తే అకౌంటెన్సీ అండ్ ఆడిటింగ్, ఆఫీస్ మేనేజ్‌మెంట్ ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణలలో ఉన్న మన బంధువుల పిల్లలు ఇంటర్‌లో సీఈసీ, ఎంఈసీ అంటారే, వొకేషనల్‌లో అకౌంటింగ్ అండ్ టాక్సేషన్ అంటారే, అలాంటివే ఇవి. 2018, 2019లలో వచ్చిన కొత్త పుస్తకాలు నిజంగా బాగున్నాయి. ప్లస్ వన్ అకౌంటెన్సీలో చివరి పాఠం కంప్యూటరు మీద అకౌంట్లు. ప్లస్ టూలో పదో పాఠం టాలీ.

టాలీ పుట్టుక మన ఊళ్ల పిల్లలు తెలుసుకోదగ్గది. శ్యాంసుందర్ గోయెంకా అనే వ్యాపారి దక్షిణాదిలోనూ తూర్పునా ఉన్న కర్మాగారాలకూ నూలు మిల్లులకూ ముడిసరుకు, యంత్ర భాగాలు సరఫరా చేసేవారు. తన లెక్కలకు సరిపోయే సాఫ్ట్‌వేర్ ఎక్కడా దొరక్కపోతే, గణితం చదివిన కొడుకు భరత్‌ను రాయమన్నారు. 1986లో బెంగళూరులో ప్యూట్రానిక్స్ పేరుతో మొదలైంది. అదే తరవాత టాలీ అయింది. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అవినాశి రోడ్డు మీద ఏ ఆడిటరు ఆఫీసులోకి వెళ్లినా, మదురైలో ఏ హోల్‌సేల్ కొట్టులోకి వెళ్లినా కంప్యూటరు తెర మీద అదే. 2017 జులై 1న జీఎస్‌టీ వచ్చాక చిన్న కొట్టు కూడా అది తెలిసిన పిల్ల కోసం వెతుక్కుంటోంది.

మరి చిక్కెక్కడుంది? అకౌంటెన్సీకి ప్రాక్టికల్ పరీక్ష లేదు. తొంభై మార్కులు రాత, పది మార్కులు బడిలో వేసేవి. ప్రాక్టికల్ లేని చోట టాలీ పాఠం ఏమవుతుందో ఊహించుకోవచ్చు. టాలీ తెరవగానే మొదట కనబడేది ఏది అని ఒక్క మార్కు ప్రశ్న. గేట్‌వే ఆఫ్ టాలీ అని జవాబు. ఆ తెరను ఒక్కసారి కూడా చూడని పిల్లలు ఈ జవాబు రాసి మార్కు తెచ్చుకుంటారు. ప్లస్ టూ అయ్యాక అదే పిల్ల బస్టాండు దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో వేలు పోసి మూడు నెలలు అదే నేర్చుకుంటుంది. డబ్బు ఉన్నవాళ్లు నేర్చుకుంటారు, లేనివాళ్లు బట్టల కొట్లో నిలబడే ఉద్యోగానికి పోతారు. బడిలో ఉచితంగా దొరకవలసిన పాఠం బజారులో అమ్ముడవుతోంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ల్యాబు లేదా అంటే ఉంది. కంప్యూటర్ అప్లికేషన్స్‌కు ఇరవై మార్కుల ప్రాక్టికల్ ఉంది కాబట్టి ల్యాబు తెరవక తప్పదు. కానీ అకౌంటెన్సీ మాస్టారు ఆ గదిలో అడుగుపెట్టరు, కంప్యూటర్ మేడం లెడ్జరు పుస్తకం ముట్టుకోరు. ఆ పిల్లలు కాల్క్‌లో ఊహా విద్యార్థుల మార్కుల పట్టిక వేస్తారు, పక్క గదిలో అకౌంటెన్సీ నోటుబుక్కులో స్కేలు పెట్టి గీతలు గీసి ట్రయల్ బ్యాలెన్సు వేస్తారు. ఆ ట్రయల్ బ్యాలెన్సే కాల్క్‌లో వేయిస్తే రెండు పాఠాలూ ఒక్క గంటలో అవుతాయి. వారానికి ఒక్క పీరియడ్ ఇద్దరు టీచర్లూ కలిసి ల్యాబులో చెప్పడానికి ఏ జీవో అక్కర్లేదు. హెడ్మాస్టరు టైంటేబుల్‌లో ఒక గడి మారిస్తే చాలు.

చేత్తో వేయడం మానేయమని మాత్రం నేను అనను. డెబిట్ ఎటు, క్రెడిట్ ఎటు అన్నది వేలికి తెలియాలి. మీట నొక్కితే యంత్రం తప్పును కూడా అందంగా కూడి చూపిస్తుంది.

ఇక వ్యాపారం సంగతి. ఇక్కడ మదురై మల్లెపూల ఉదాహరణ చెప్పనివ్వండి. మాట్టుతావణి పూల మార్కెట్టులో మొగ్గ ధర ఈ రోజు ఒకటి, ముహూర్తం రోజున ఇంకొకటి. కిలో లెక్కన కొని మూర లెక్కన అమ్మే అమ్మకు ఆ రోజు లాభం వచ్చిందో లేదో మనసులో ఒక అంచనా ఉంటుంది. కిలో మొగ్గ కడితే ఎన్ని మూరలైంది, ఎంత వాడి పారబోశాం, దారానికెంత, షేర్ ఆటోకెంత, కట్టిన చేతికి కూలి వేశామా. ఈ ఐదు ప్రశ్నలకు నెల రోజులు జవాబులు రాసి పెడితే ప్లస్ వన్ పిల్ల చేతిలో ఒక అసలైన వ్యాపార నివేదిక ఉంటుంది. కూలి గడి దగ్గర చాలామంది సున్నా వేస్తారు, ఇంట్లోవాళ్లే కట్టారు కదా అని. అక్కడే టీచరు ఆగి మాట్లాడాలి. ఆ సున్నాలో అమ్మ రెక్కల కష్టం ఉంది. పూలబండి మీద అంటించిన క్యూఆర్ కోడ్ వల్ల ఇప్పుడు సగం అమ్మకం ఫోనులోనే నమోదవుతోంది. నెలాఖరున ఆ స్టేట్‌మెంట్ దించుకోవచ్చు. తరతరాలుగా చిట్టా అన్నది లేని ఇంటికి మొదటి చిట్టా అదే.

అలాగే కోయంబత్తూరులో గణపతి, పీలమేడు సందుల్లో లేతు పట్టరైలు చూడండి. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక పెద్ద కంపెనీకి జాబ్‌వర్క్. పంపు భాగాలు తిప్పి ఇస్తారు, డబ్బు మూడు నెలలకు వస్తుంది. నమోదైన చిన్న పరిశ్రమకు నలభై ఐదు రోజుల్లో డబ్బు కట్టాలని 2006 చట్టంలోనే ఉంది. గడువు దాటితే ఆ పెద్ద కంపెనీ ఆ ఖర్చును డబ్బు కట్టిన ఏడాదిలో మాత్రమే ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవాలని 2024 ఏప్రిల్ నుంచి కొత్త నిబంధన వచ్చింది. ఏ బిల్లు ఎన్ని రోజులైంది అన్న పట్టిక ఉంటేనే ఇది అక్కరకొస్తుంది. కొడుకో కూతురో ఆ పట్టిక వేసిస్తే నాయన అడగగలుగుతాడు.

జి.డి. నాయుడు గారి పేరు తలవకుండా కోయంబత్తూరులో చదువు గురించి మాట్లాడలేం. బడిలో ఎక్కువ కాలం నిలవని మనిషి. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక బస్సు నడిపి, యూఎంఎస్ అనే పెద్ద సంస్థను పెంచారు. 1945లో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ రావడానికి కారణమయ్యారు. కోర్సులు అనవసరంగా సాగదీస్తున్నారు, తక్కువ కాలంలో పని నేర్పవచ్చు అన్నది ఆయన వాదం. ఇంజనీరింగు విషయంలో ఆయన చెప్పినంత తగ్గించవచ్చో లేదో నేను తీర్పు చెప్పలేను. లెక్కలు, స్ప్రెడ్‌షీట్ విషయంలో మాత్రం ఆయన మాట నిజం. రెండేళ్ల ప్లస్ టూ సరిగ్గా వాడుకుంటే ఆ పిల్ల చిన్న సంస్థ పుస్తకాలు చూడగలదు.

లెక్కల విద్య వ్యాపారుల ఇల్లు దాటి బయటికి రావడం ఎప్పుడూ పెద్ద సంగతే. వెనిస్ వర్తకులు జమా ఖర్చులు రెండు వైపులా రాసే పద్ధతిని తమలో తాము వాడుకుంటుంటే, 1494లో లూకా పాచోలి అనే సన్యాసి దాన్ని అచ్చు పుస్తకంలో పెట్టాడు. అక్కడి నుంచి చదవగలిగినవాడందరిదీ అయింది. మన దేశంలో మొదటి కామర్స్ బడి 1886లో మద్రాసులో పచ్చయ్యప్ప ధర్మకర్తలు పెట్టారు. ఒక ధర్మసంస్థ దానికి పూనుకుందన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఈ రోజుల్లో ఫిన్లాండ్‌లో ఆరో తరగతి పిల్లల కోసం 2010 నుంచి ఒక కార్యక్రమం నడుస్తోంది. తరగతిలో కొన్ని పాఠాలయ్యాక ఒక రోజు చిన్న నమూనా పట్నంలోకి తీసుకెళ్తారు. అక్కడ ఒకరు బ్యాంకులో, ఒకరు కొట్లో, ఒకరు పురపాలక ఆఫీసులో పని చేసి జీతం తీసుకుంటారు, పన్ను కడతారు, సరుకు కొంటారు. పన్నెండేళ్ల పిల్లలు! మనకు నమూనా పట్నం కట్టుకునే ఖర్చు లేదు. మన పిల్లలు నిజమైన పట్నంలోనే, నిజమైన కొట్ల మధ్యనే తిరుగుతున్నారు.

భాష గురించి ఒక మాట. ఇంట్లో తాత ఆవర్జా అంటాడు, బడిలో తమిళ పుస్తకం పేరేడు అంటుంది, ఇంగ్లీషు మీడియం పిల్ల లెడ్జర్ అంటుంది. మూడూ ఒకటేనని చెబితే ఏ పిల్లా తికమకపడదు. అసలు చిక్కు వేరే ఉంది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరవాత మన పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి అందలేదు. చెవికి తెలుగు వస్తుంది, కంటికి రాదు. అందుకే ఈ సంగతి పత్రికలో రాయకుండా రేడియోలో మాట్లాడుతున్నాను. మీ ఇంట్లో పదో తరగతి పిల్ల ఇది వింటోంది అనుకునే మాట్లాడుతున్నాను. పాఠం తమిళంలో చదవమ్మా, పరీక్ష తమిళంలోనే రాయి. ఆ రోజు నేర్చుకున్నది రాత్రి అమ్మకు తెలుగులో చెప్పు. తండల్ లెక్క అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే నీకు పాఠం వచ్చినట్టే.

టైపు గురించి కూడా చెబుతాను, క్లుప్తంగా. వేసవి సెలవుల్లో టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపే అలవాటు మనవాళ్లలో ఇంకా ఉంది, ఉండాలి కూడా. సాంకేతిక విద్యాశాఖ జూనియర్ పరీక్షకు నిమిషానికి 30 మాటలు, సీనియర్‌కు 45. తమిళం, ఇంగ్లీషు రెండూ పాసైతే టీఎన్‌పీఎస్‌సీ టైపిస్టు ఉద్యోగానికి దారి. అదే శాఖ కంప్యూటర్ ఆన్ ఆఫీస్ ఆటోమేషన్ అనే పరీక్ష కూడా పెడుతుంది. ప్రభుత్వ ఉద్యోగాలకు వెళ్లదలచినవాళ్లు ఆ సర్టిఫికెట్ సంపాదించుకోవడం మంచిది. 2011 నుంచి ప్రభుత్వం పంచిన ఉచిత లాప్‌టాప్‌లు కొన్ని ఇళ్లలో అటక మీద ఉన్నాయి. బ్యాటరీ పోయినా చార్జరు పెట్టి నడిపించుకోవచ్చు. కాల్క్ నడవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు.

పెద్దలకు నా విన్నపం. మిల్లులు నడిపిన కుటుంబాలవారు, మండీలు నడిపినవారు, మీ ఇళ్లలో ఎర్ర గుడ్డ అట్ట వేసిన పాత ఖాతా పుస్తకాలుంటాయి. ఏ బడివాళ్లైనా అడిగితే ఒక్కటి చూడనివ్వండి. 1950ల నాటి నూలు బేలు ధర, కూలి పట్టిక, బోనస్ పద్దు పిల్లలు తమ కళ్లతో చూడాలి. ఆ కూలి పట్టికలో తమ తాత పేరు దొరికే పిల్లలు కూడా ఆ తరగతిలో ఉంటారు. మన తెలుగు సంఘాలు ఏటా ఉగాదికి పిల్లలకు బహుమతులు ఇస్తాయి. అందులో కొంత తీసి ఒక పాత కంప్యూటరు కొని, కమ్యూనిటీ హాలులో ఆదివారం పొద్దున్న రెండు గంటలు టాలీ నేర్పించండి. ఆడిటరు ఆఫీసుల్లో పనిచేసే మన పిల్లలే వచ్చి నేర్పగలరు. ఆ హాలు తలుపు ఏ వీధి పిల్లకైనా తెరిచి ఉండాలి. మన కులం సంఘం, మన పిల్లలకే అనుకుంటే నేను ఇంతసేపు చెప్పినదంతా వృథా.

ఇక ఈ ఏడు ప్లస్ వన్‌లో చేర్చబోయే తల్లిదండ్రులకు. దరఖాస్తు ఇచ్చేటప్పుడు కామర్స్ గ్రూపు అని మాత్రం రాసి ఊరుకోకండి. నాలుగో సబ్జెక్టుగా ఏవి ఉన్నాయో అడగండి. కంప్యూటర్ అప్లికేషన్స్ ఉంటే ల్యాబు వారానికి ఎన్ని గంటలు తెరుస్తారో, ఎన్ని యంత్రాలు నడుస్తున్నాయో లోపలికి వెళ్లి చూడండి. సీఏకు వెళ్లాలనుకునే పిల్లకు బిజినెస్ మ్యాథ్స్ మేలు, అలాంటప్పుడు టైపూ టాలీ సెలవుల్లో నేర్చుకోవాలి. అకౌంటెన్సీ టీచరు ఖాళీ ఉన్న బడిలో చేర్చే ముందు ఆ ఖాళీ ఎప్పుడు నిండుతుందో హెడ్మాస్టరుగారిని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. చేరాక మొదటి నెలలోనే పిల్ల చేతికి ఒక నలభై పేజీల నోటుబుక్కు ఇచ్చి, ఇంటి జమా ఖర్చులు ఆ పిల్ల చేతే రాయించండి. దాచుకునే అప్పులేమైనా ఉంటే అవి కూడా చెప్పండి.